కాజిల్‌బార్‌లో కనుమ కేక

ఐర్లండ్‌లో నేను డ్రైవింగ్ నేర్చుకున్నది టిబెట్ పద్ధతిలో.

నేను కాజిల్‌బార్‌ ఆసుపత్రిలో డాక్టర్ని, మా ఆవిడ స్లైగో ఆసుపత్రిలో డాక్టరు. ఇద్దరి డ్యూటీలూ బస్సు వేళలూ కలిసొచ్చిన ఆదివారమే మా సంసారం. నాకు లైసెన్సు వస్తే తప్ప కాపురం కుదుటపడదు. టెస్టు అప్పటికే రెండుసార్లు పోయింది. మొదటిసారి మరీ నెమ్మదిగా నడిపానన్నారు. రెండోసారి ఆ సలహా పాటించినందుకు పోయింది.

నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. నాకు దొరికింది పక్కింటి టిబెటన్ ఆవిడ, మా వార్డులోనే నర్సు. వాళ్ల భాషలో అక్కని ఆచా-లా అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ పెరిగింది కర్ణాటకలోని టిబెటన్ శిబిరంలో, నాది హిందూపురం. కాబట్టి ఐర్లండ్‌లోని ఈ మేయో కౌంటీలో మేమిద్దరం కన్నడంలో పోట్లాడుకునేవాళ్లం.

ఆచా-లా టిబెట్ చూడలేదు. మంచు కనుమలు దాటి వచ్చింది వాళ్ల నాన్న. కనుమ నెత్తికెక్కగానే దేవతలకి జయం పలుకుతూ కేక వేయాలనీ, లేకపోతే దిగడం దిగడం కాదనీ పిల్లలకి నేర్పాడు. శిబిరం చుట్టూ మొక్కజొన్న చేలే. పిల్లలు పాపం స్పీడ్ బ్రేకర్ల మీద సాధన చేశారట.

మేయోకొచ్చాక ఆవిడ కరువు తీరింది. ఊరి చివర ఒక గుట్ట ఉంది, మా హిందూపురం వాటర్ ట్యాంకు కంటే కాస్త పొట్టి. కారు దాని మీదికెక్కగానే "కీ కీ సో సో, ల్హా గ్యలో!" అని అరిచేది. గొర్రెలు తలెత్తి చూసేవి.

"నువ్వూ కేకెయ్ డాక్టరూ."

"గేరు మారుస్తాండా ఆచా-లా."

"గేరు చేత్తో కదా మార్చేది? నోటికేం పని?"

అరిచాను. అరిచాక ఫ్లాస్కులోంచి ఉప్పూ వెన్నా కలిపిన టీ పోసేది. ఈ దేశంలో ఆవిడ వంక పెట్టనిది వెన్న ఒక్కటే. కొన్నాళ్లకి గుట్ట కనిపిస్తే చాలు, నా నోరు దానంతటదే తెరుచుకునేది.

మూడో టెస్టు. పరీక్షకుడు మాటలు పొదుపుగా వాడే పెద్దమనిషి. ఎడమకి, కుడికి, తర్వాత నేరుగా అన్నాడు. నేరుగా అంటే ఆ గుట్టే. అద్దాలు చూసుకున్నాను, గేరు చూసుకున్నాను. నోరు చూసుకోలేదు.

కేక బ్రహ్మాండంగా వచ్చింది.

"ఎవరినైనా గుద్దామా?" అన్నాడు ఆయన.

"లేదు సార్. గుట్ట ఎక్కాం. దేవతలకి చెప్పాలి."

కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "గ్రాండ్. డొనెగాల్‌లో అయితే అన్నీ కొండలే, మీ గొంతు పోతుంది."

ఇక్కడ కాలు విరిగి వచ్చినవాడు కూడా గ్రాండ్ అనే అంటాడు. ఆ మాటలో నా స్లైగో ఉందో పోయిందో తెలియలేదు.

తిరుగుదారి కూడా ఆ గుట్ట మీదుగానే. ఈసారి పళ్లు బిగించుకుని ఎక్కాను. ఆయన రోడ్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఈ వైపు దేవతలు లేరా?"

ఉన్నారని ఒప్పుకుని, వేగ పరిమితికి లోబడి ఇంకో కేక వేశాను.

పరీక్ష కేంద్రం బయట ఆచా-లా ఫ్లాస్కుతో నిలబడి ఉంది.

"పాసయినా!" అన్నాను.

"ఆయప్ప అరిచినాడా?"

"లేదు."

"పాపం," అంటూ టీ పోసింది. "ఎట్ల దిగినాడో ఏమో."

లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రమే స్లైగో బయలుదేరాను. దారిలో మరీ కొండలేం లేవు. ఉన్నవాటి దగ్గర మాత్రం నేను పిసినారితనం చూపలేదు. మా ఆవిడ తలుపు తీసి, నేను బొంగురు గొంతుతో పలకరించగానే లోపలికెళ్లి టార్చ్ తెచ్చింది.

"నోరు తెరువు," అంది.