సుగుణక్క ఫోన్ నంబరు

పొద్దున్నే నాగోల్ వంతెన మీదుగా బండి మీద వెళ్తుంటే మూసీ వాసన గాలితో పాటు ముక్కులోకి దూరుతుంది. అందరూ చున్నీయో చేతిరుమాలో అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనకు కాస్త పెట్రోలు వాసన తోడయితే చాలు, సుగుణక్క గుర్తొస్తుంది. మనిషిని తలుచుకోవడానికి ఇంతకంటే మంచి వాసన దొరకలేదా అని మా ఆయన ఏడిపిస్తారు. దొరకలేదు మరి, ఏం చేయను? ఆమె నాకు స్కూటీ నేర్పిన స్థలం మూసీకి కూతవేటు దూరంలోనే ఉంది.

సుగుణక్కది నల్గొండ వైపు పల్లె. భర్త పోయాక పట్నం వచ్చి, ఒక ఫంక్షన్ హాలు వెనక బళ్ళు నిలిపే ఖాళీ జాగాను పొద్దుటిపూట కిరాయికి తీసుకుని, రెండు పాత స్కూటీలతో ఆడవాళ్ళకు బండి నేర్పేది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని సీటు వెనక పట్టుకుని పరిగెత్తేది. నేను పెళ్ళయి గుంటూరు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చినదాన్ని. మెయిన్ రోడ్డు దాటాలంటేనే ఎవరైనా మగమనిషి దాటుతుంటే ఆయన పక్కన నక్కి దాటే రకం. మొదటి రోజు నేను హ్యాండిల్ మీద వంగిపోయి ముందు చక్రాన్నే చూస్తుంటే అక్క వెనక నుంచి అరిచింది. "చూపు రోడ్డు మీద పెట్టు బిడ్డా! టైరు నీతోనే ఒస్తది, యాడికి పోదు." నేర్చుకోవడం అయిపోయినా నేను ఆ జాగాకు వెళ్ళడం మానలేదు. అక్కడ కూర్చుంటే ధైర్యంగా ఉండేది.

అక్క బతుకు ఆ రెండు బళ్ళ మీదే. కానీ చైతన్యపురి వైపు పెద్ద డ్రైవింగ్ స్కూలొకటి వచ్చింది. ఫోన్లో వెతికితే దాని రంగురంగుల పేజీయే కనిపిస్తుంది, అక్క ఎక్కడా లేదు. చేరేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చే నెలకల్లా పుంజుకోకపోతే జాగాను ఆ పెద్ద స్కూలుకే ఇచ్చేస్తానని హాలు యజమాని మొహం మీదే చెప్పేశాడు. ఆ రోజు అక్క నా వైపు తిరిగి, "నువ్వు డిగ్రీ సదివినవ్ గదా, గా వెబ్‌సైటేందో నువ్వే జెయ్యి" అంది. నాది బీకాం. కంప్యూటర్లో నాకు తెలిసిందల్లా మా ఆయన లాప్‌టాప్‌లో సీరియళ్ళు చూడటం. అయినా కాదనలేకపోయాను.

వీడియోలు చూసుకుంటూ, కోడ్ రాయక్కర్లేదు, బొమ్మలు పెట్టి మాటలు నింపితే చాలన్న ఒక ఉచిత సైటులో మొదలుపెట్టాను. అందంగా ఉందని ఎంచుకున్న నమూనా కాఫీ హోటలుది. కప్పులు తీసి స్కూటీలు పెట్టాను గానీ, ఒక బొమ్మను ఎడమకు జరిపితే కింద అక్షరాలన్నీ చెల్లాచెదురయ్యేవి. కంప్యూటర్లో బాగున్నది ఫోన్లో చూస్తే సగం కనపడేది కాదు. ఏడుపొచ్చేది. ఎలాగో ముగించాక చూస్తే, అక్క ఫొటో పైన "నేటి ప్రత్యేకం" అన్న మాట అలాగే ఉండిపోయింది. అక్క పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, నెల కరిగిపోతోంది.

పేజీని చాలామంది చూస్తున్నారని సైటు చెప్పేది, చేరేవాళ్ళు మాత్రం లేరు. అక్క ఫోన్లో దాన్ని పైకీ కిందికీ జరిపి చూసి, "గీ డబ్బా ఏంది?" అని అడిగింది. పేరూ ఈమెయిలూ నింపి పంపే పెట్టె అది. ఈమెయిలు లేనిదే ముందుకు పోదు.

"నాకే లేదు. మన దగ్గరికొచ్చేటోళ్ళకు యాడికెళ్ళి ఒస్తది? తీసెయ్. ఫోన్ నంబర్ పెట్టు. నేను బండ్లెంబడి ఉరుకుతుంట, నీ నంబరే పెట్టరాదు?"

"మా ఆయన ఒప్పుకోరక్కా" అన్నాను.

"పరేషాన్ గాకు. నాదే పెట్టు. ఈ వయసుల నన్నెవడేం జేస్తడు?"

ఆమె పొరబడింది. నంబరు పెట్టిన మర్నాటి నుంచే మగవాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. పొద్దుటిపూట ఫోన్ నా చేతికిచ్చి అక్క నేర్పుతుండేది కాబట్టి అవన్నీ నా చెవినే పడేవి. ఫొటో పంపమని ఒకడు, నాక్కూడా నేర్పుతావా అని వెకిలిగా నవ్వేవాడు ఇంకొకడు. మధ్యలో నిజంగా నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఒకరో ఇద్దరో దొరికేవారు, వాళ్ళ కోసమే ఎత్తేదాన్ని. ఇంట్లో చెబితే మా ఆయన మండిపడ్డారు. "పెద్దావిడని బజార్లో నిలబెట్టావు. ముందా నంబరు తీసెయ్." నిజమేననిపించింది.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఒక మౌనం. ఒకే నంబరు నుంచి రోజూ ఫోన్ వచ్చేది, ఎత్తితే ఊపిరి తప్ప ఏమీ వినిపించదు. ఒక రోజు ఆ ఫోన్ ఎత్తి, చిరాకేసి పెట్టేసి బ్లాక్ చేయబోతుంటే అక్క వచ్చి ఫోన్ లాక్కుని చెవిన పెట్టుకుంది.

"బిడ్డా, గిది ఆడోళ్ళకు బండి నేర్పే జాగ. నేను సుగుణను. పక్కల ఎవరన్న ఉన్నరా? ఉంటే ఏం మాట్లాడకు. నేను చెవి వెట్టి ఇంటనే ఉన్న."

చాలాసేపు అలాగే నిలబడింది. అవతల ఫోన్ పెట్టేశారు.

"ఎవడో వెధవ అయ్యుంటాడక్కా" అన్నాను.

"అయితే అయిండు. కాకపోతే?" అని అక్క నా వైపు చూసింది. "గా వెబ్‌సైట్ల రాయి. మాట్లాడే పని లేదు, పొద్దుగాల గేటు తెరిచే ఉంటది, ఒచ్చి కూసుంటే సాలు అని రాయి."

కాఫీ హోటలు నమూనాలో అలాంటి మాటకు చోటెక్కడుంది? పైనున్న పెద్ద బొమ్మ తీసేసి అక్కడ రాశాను. అందం పోయింది. కానీ ఆ వారంలోనే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడ వారగా కూర్చోవడం మొదలైంది. వాళ్ళలో లావణ్య ఒకతె. రోజూ మాట్లాడకుండా ఫోన్ చేసింది తనేనని మూడో రోజుకు గాని చెప్పలేదు. ఆస్పత్రిలో ఉద్యోగం దొరికిందట, పొద్దున డ్యూటీకి బస్సు లేదు, భర్త దింపడు, నేర్చుకోనివ్వడు. ఎవరో ఒకరు వినేంత దూరంలో ఉండేవారు, ఎంత ప్రయత్నించినా గొంతు పెగిలేది కాదంది.

ఒక ఉదయం గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగింది. దిగినతను ఫోన్ చూపిస్తూ లోపలికి వస్తుంటే అక్క ఎదురెళ్ళి గేటు మూసింది.

"గీ నంబర్ మా ఇంటామె ఫోన్ల ఎందుకున్నది? ఆమె ఈడికొస్తుందా?"

"ఎవరొస్తరో నేను చెప్ప. నీ గురించి ఎవరన్న అడిగినా చెప్ప. మగోళ్ళు లోపలికి రారు, ఆడనే నిలబడు."

అతను గేటు ఊచలు పట్టుకుని ఊపాడు. నేను పోలీసులకు చేద్దామని ఫోన్ తీసి నంబరు నొక్కబోయాను. జాగా ఆ చివరన హెల్మెట్ పెట్టుకున్న లావణ్య బండి మీద ఉంది. అతను గుర్తుపట్టలేదు. కదలకుండా ఉంటే గండం గడిచేది. కానీ ఆమె బండి కదిలించింది. అంతవరకూ అక్క సీటు పట్టుకోనిదే నడపని మనిషి, ఒక్కతే తిన్నగా వచ్చి, కాళ్ళు నేలకు రాసుకుంటూ గేటు ముందు ఆగి హెల్మెట్ తీసింది.

"నేనే ఫోన్ చేసిన. ఏమనేదుంటే ఇంటికాడ అను. క్లాసయినంక ఒస్తా."

అతను ఆమెను చూశాడు, మమ్మల్నందరినీ చూశాడు. క్లాసు అయ్యేదాకా బయటే నిలబడి ఆమెను తీసుకువెళ్ళాడు. వాళ్ళు వెళ్ళాక అక్క గేటుకు తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది.

"మీకూ భయమేసిందా అక్కా?"

"ఎందుకు గాదు? భయమైతదని ఫోన్ ఎత్తకుంటనే ఉంటమా?"

ఆ తర్వాత లావణ్య రాలేదు. ఫోన్ చేద్దామంటే అక్క ఒప్పుకోలేదు, అతని చేతికి దొరికితే ఆమెకే కష్టమంది. ఆ రోజులన్నీ మేము గేటు వైపు చూస్తూనే గడిపాం. తర్వాతి వారం ఒక పొద్దున లావణ్య ఆటో దిగి వచ్చింది. అక్క బండి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. చేరేవాళ్ళు పెరగడంతో జాగా కూడా మాకే నిలిచింది.

అక్క నిరుడు గుండెపోటుతో పోయింది. ఆ దుఃఖం నాకింకా తగ్గలేదు. స్కూలు ఇప్పుడు నేను నడుపుతున్నాను. పేజీలో అక్క నంబరు తీసేయాల్సి వచ్చిన రోజు, మా ఆయన్ని అడగకుండానే నాది పెట్టాను. తెలిశాక నా ఫోన్ తీసుకుని ఆ పేజీ మొత్తం చదివారు. తర్వాత, "రాత్రిళ్ళు మోగితే నన్ను లేపు" అన్నారు. వెధవల ఫోన్లు ఇప్పటికీ వస్తాయి, తిట్టి పెట్టేస్తాను. మాటలేని ఫోన్ వస్తే మాత్రం చేస్తున్న పని ఆపి, నా పేరు చెప్పి, నేను వింటున్నానని చెబుతాను. అవతల ఊపిరి వినిపిస్తున్నంతసేపూ నేను ఫోన్ పెట్టను.