వక్కపొడి డబ్బాలో బిళ్ళ

నర్సమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా అపార్టుమెంట్ల సంఘం వాళ్ళు వార్షిక సంచికకు ప్రాణాయామం మీద రెండు పేజీలు రాసిమ్మన్నారు. ప్రాణాయామం మీద రాసే మొహం నాకు లేదు. అందుకని మా క్లబ్‌హౌస్ ఊడ్చే నర్సమ్మ గురించి రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానెయ్యండి.

నర్సమ్మది ఈ నల్లగండ్ల ఊరే. మనమంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి పన్నెండో అంతస్తులోనూ పదిహేనో అంతస్తులోనూ కాపురాలు పెట్టిన చోట ఆమె చిన్నప్పుడు జొన్నచేలో పిట్టలు తోలింది. "గీడనే సారూ, మీ లిఫ్టున్న కాడ మంచె ఉండె" అని ఒకసారి చూపించింది కూడా. యాభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయాడు. కూతురు శిరీష సూపర్‌మార్కెట్లో బిల్లులు కొడుతుంది. నర్సమ్మ పొద్దున అయిదున్నరకల్లా వచ్చి, హాలు తుడిచి, మా క్లాసుకు ముప్ఫై రెండు మ్యాట్లు పరుస్తుంది. ఒక్క మ్యాటు వంకరగా ఉన్నా ఊరుకోదు. "గింత సదువు సదివిన్రు, గాలి పీల్చుడు గూడ ఒకరు నేర్పాల్నా?" అని సాఫ్ట్‌వేర్ వాళ్ళను చూసి నవ్వేది.

ఆ నేర్పేవాణ్ణి నేనే. పేరు విశ్వేశ్వరరావు. అమలాపురం దగ్గర పల్లె మాది. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరై, నా భార్య అమ్మణ్ణితో సహా ఇక్కడ కొడుకు దగ్గరకు వచ్చి నాలుగేళ్ళయింది. వచ్చిన ఏడాదే నా గుండె లయ తప్పింది. ఉన్నట్టుండి దడదడా కొట్టుకోవడం, కళ్ళు బైర్లు కమ్మడం. డాక్టరు బీటా బ్లాకర్ అనే బిళ్ళ రాశాడు. గుండె వేగాన్ని అదుపులో ఉంచుతుందన్నాడు. రోజూ పొద్దున ఒకటి వేసుకుంటున్నాను, బాగానే ఉన్నాను. ఇంతవరకూ సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రెండేళ్ళ కిందట క్లాసు మొదలుపెట్టిన కొత్తలో, ఓంకార్ అని ఒక మేనేజరు తన చేతి వాచీ విప్పి సరదాగా నా మణికట్టుకు కట్టాడు. గుండె వేగం యాభై ఎనిమిది చూపించింది. "సార్, మీ ఏజ్‌లో ఫిఫ్టీ ఎయిటా? నాకే ఎయిటీ ఫైవ్ ఉంటది. ఎట్ల సార్?" అన్నాడు. అందరూ మూగారు. ఆ యాభై ఎనిమిది బిళ్ళ చలవ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో కరెంటు పోతే తిట్టినవాళ్ళే తప్ప, ఉంటే మెచ్చుకున్నవాడు ఒక్కడు లేడు. అంతమంది అలా కళ్ళప్పగించి చూస్తుంటే నాకు ఆశ పుట్టింది. "అంతా శ్వాసేనండీ" అన్నాను.

అక్కడితో ఆపినా బాగుండేది. వారం తిరక్కుండా, ఒకప్పుడు గుండెకు బిళ్ళలు వాడేవాణ్ణనీ, ప్రాణాయామం పట్టాక అవతల పారేశాననీ ఓ కథ అల్లాను. పన్నెండు మంది ఉన్న క్లాసు ముప్ఫై రెండు మందయింది. బిళ్ళల అట్ట ఎవరైనా చూస్తారని భయపడి, బిళ్ళలన్నీ వక్కపొడి డబ్బాలోకి మార్చాను. వేళ దాటకూడదు కనుక, క్లాసవగానే ఓ మూలకు పోయి నోట్లో వేసుకునేవాణ్ణి. ఒకరోజు నర్సమ్మ చెయ్యి చాపి, "జర వక్కపొడి పెట్టు సారూ" అంది. అయిపోయిందని చెప్పి మూత బిగించాను. లోపల బిళ్ళలు గలగలమన్నాయి. నర్సమ్మ డబ్బా వైపు ఒకసారి చూసి చీపురు అందుకుంది.

"ఎందుకండీ ఈ దొంగ వేషాలు? బిళ్ళ మింగితే గురువు కాకుండా పోతారా?" అనేది అమ్మణ్ణి. నీకు తెలియదు ఊరుకో అనేవాణ్ణి.

ఒకరోజు మ్యాట్లు చుడుతూ నర్సమ్మ అడిగింది: "సారూ, గుండె దడకు గూడ గీ గాలి పీల్చుడు పనిచేస్తదా?"

ఓంకారూ మరో ఇద్దరూ పక్కనే బూట్లు తొడుక్కుంటున్నారు. వాళ్ళకూ వినబడేలా గొంతు పెంచాను. "నాకున్నదీ దడే కదమ్మా. బిళ్ళలు పారేశాను. ఎలా ఉన్నానో చూడు."

"నిజంగనే పారేసినవా?"

"పారేశాను."

ఎందుకడుగుతున్నావని నేను అడగలేదు. తెలియక కాదు. ఆమె కొంగున ముడివేసిన బిళ్ళల అట్ట నేను అంతకు ముందే చూశాను.

నాది ఏ బిళ్ళో ఆమెదీ అదే అని తర్వాత తెలిసింది. ఆ బిళ్ళతో ఒళ్ళు నీరసంగా ఉండి మెట్లెక్కలేకపోయేదట. పని మెల్లగా చేస్తున్నావని సూపర్‌వైజరు గొణిగేవాడట. నా మాట విన్నరోజే మానేసింది. మర్నాటి నుంచి మేము లోపల చేస్తుంటే, అద్దం తలుపు అవతల చీపురు గోడకు ఆనించి, ఒక ముక్కు మూసుకుని తనూ చేసేది. నేను చూసి మురిసిపోయాను.

ఆరో రోజు క్లాసు మధ్యలో బకెట్ దొర్లిన చప్పుడయింది. వెళ్ళి చూస్తే నర్సమ్మ గోడవారన కూలబడి ఉంది. ఒళ్ళంతా చెమటలు. మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది. ఓంకార్ తన వాచీ ఆమె చేతికి కట్టాడు. నూట డెబ్భై రెండు. అందరూ నా వైపు తిరిగారు. "సార్, ఏ ప్రాణాయామం చేయించాలె?" అన్నాడు ఓంకార్. అంత చదువుకున్నవాళ్ళు ఆ సమయంలో నన్ను ఆ ప్రశ్న అడిగారంటే, అది నా నిర్వాకం. అంబులెన్సును పిలవమనైనా నేను చెప్పలేదు. ఎవరో పిలిచారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ శిరీషను కేకలేసింది. "ఈ టాబ్లెట్ ఒక్కసారిగా ఆపితే గుండె ఇంకా వేగంగా తిరగబడుతుందమ్మా. తగ్గించాలన్నా మేము చూసి మెల్లమెల్లగా తగ్గిస్తాం. ఎవరు మానెయ్యమన్నారు?"

"ఎవరో యోగా సారంట మేడం" అంది శిరీష.

ఆ యోగా సారు రెండడుగుల దూరంలో కొబ్బరిబోండాం పట్టుకుని నిలబడి ఉన్నాడు. శిరీష నన్ను అంతకు ముందు చూడలేదు, అపార్టుమెంటు నుంచి వచ్చిన ఎవరో పెద్దాయన అనుకుంది. బోండాం బల్ల మీద పెట్టి వచ్చేశాను.

నర్సమ్మ నాలుగో రోజు ఇంటికొచ్చింది. మరో రెండు రోజులకు శిరీష నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. "సార్, అమ్మ మళ్ల గోలీలు ఏసుకుంటలేదు. సారు బంద్ చేసి మంచిగున్నడు, నేనే గాలి సక్కగ పీలుస్తలేను, మళ్ల నేర్సుకుంట అంటున్నది. మీ మాటయితే ఇంటది. జర చెప్పున్రి సార్."

ఫోన్ పెట్టేసి కూర్చుండిపోయాను. చచ్చేదాకా వచ్చిన మనిషి తప్పు తనదే అనుకుంటోంది. పక్కనే ఉండి అంతా విన్న అమ్మణ్ణి, "చెబితే వినదండీ. చూపించండి" అని వక్కపొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

నల్లగండ్ల పాత ఊళ్ళో వాళ్ళది రెండు గదుల ఇల్లు. నేను వెళ్ళేసరికి నర్సమ్మ మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక ముక్కుతో గాలి పీలుస్తోంది. నన్ను చూసి లేవబోయింది. నేను డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను. శిరీష కూడా వంగి చూసింది.

"నేను ఒక్కరోజు కూడా మానలేదు నర్సమ్మా. నీకు అబద్ధం చెప్పాను. అందరికీ చెప్పాను" అన్నాను. ఒక బిళ్ళ తీసి వాళ్ళ ముందే మంచినీళ్ళతో మింగాను.

నర్సమ్మ డబ్బా అందుకుని, వేలితో బిళ్ళలు కదిపి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును అనుకున్నాను.

"గయితే సారూ, నేను గాలి సక్కగనే పీల్చిననా?" అంది.

"సక్కగానే పీల్చావమ్మా" అన్నాను.

ఆమె కూతురి చేతిలోంచి బిళ్ళ తీసుకుని మింగింది. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, మెల్లగా అంది: "ఫికర్ జేయకు సారూ. నేను ఎవ్వరికి చెప్ప. శిరీష గూడ చెప్పదు."

ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. నిజం చెబుతున్నాను, గుండె మీద బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. సందు చివరికి వచ్చేసరికి ఆ హాయి ఏమిటో తెలిసి, నా మీద నాకే అసహ్యం వేసింది. చేసిన తప్పుకంటే దానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు ఆరింటికి హాల్లో ముప్ఫై రెండు మంది కూర్చున్నారు. నర్సమ్మ లేదు కాబట్టి మ్యాట్లు నేనే పరిచాను, వంకరగా. శ్వాస మొదలుపెట్టకముందే డబ్బా తెరిచి అందరికీ చూపించాను. ఎవరెవరు నా మాట విని మందులు మానేశారో వాళ్ళు ఇవాళే డాక్టరు దగ్గరకు వెళ్ళమని బతిమాలాను. వెనక వరసలో ఇద్దరు తలలు దించుకున్నారు.

ఓంకార్ చేతి వాచీ వైపు ఒకసారి చూసుకుని అడిగాడు: "మరి ఆ ఫిఫ్టీ ఎయిట్, సార్?"

"బిళ్ళదేనండీ" అన్నాను.