కూలోళ్ళ నీళ్ళ డబ్బా

నా చిన్నప్పుడు మా జేజికీ నాకూ ఒక్క పూట కూడా పడేది కాదు. నాయన తల్లిని మా గిద్దలూరు వైపు జేజి అంటాం. జేజమ్మల గురించి రాసేవాళ్ళంతా ఒడిలో పడుకోబెట్టుకుని కథలు చెప్పిందనీ, కొంగున ముడేసి బెల్లంముక్క తెచ్చిపెట్టిందనీ రాస్తారు. రాసుకోనివ్వండి. మా జేజి ఒడిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక చిరుగుల గుడ్డ, దానికి గుచ్చిన దబ్బనం ఉండేవి. అక్కడ తలపెట్టే సాహసం నేను ఏనాడూ చేయలేదు.

ఆమె దేన్నీ గడప దాటి బయట పడనిచ్చేది కాదు. నాయన పాత పంచె మొదట తువ్వాలయ్యేది, తర్వాత నూనె వడగట్టే గుడ్డయ్యేది, ఆఖరికి లాంతరు తుడిచే పేలికయ్యేది. విరిగిన గొడుగు కమ్ములు వంచి దూలానికి కొక్కేలు చేసింది. ఇక అతుకు కూడా నిలవదన్న సైకిల్ ట్యూబును కోసి, దొడ్డి తలుపు దానంతటదే మూసుకునేలా కట్టింది. మార్కాపురం పలకలు మా ఇంట్లో చదువుకన్నా వంటకే ఎక్కువ పనికొచ్చాయి. నా చేతిలో పగిలిన ప్రతి పలకా చట్రం ఊడగొట్టించుకుని ఏదో ఒక కుండ మీద మూతయ్యేది. ఇదెందుకు దాస్తావని ఎవరడిగినా ఆమెది ఒకటే మాట: "ఉండనీ, పనికొస్తది."

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ఇంట్లో పెరిగే ఆడపిల్లకు మాత్రం ముచ్చటగా ఉండదు. నా బడిసంచి యూరియా సంచితో కుట్టింది. కుట్టేటప్పుడు అక్షరాలున్న వైపు లోపలికి తిప్పొచ్చు కదా? తిప్పలేదు. ఆ వైపే రంగు బాగుందట. దాంతో బడిలో నా పేరు యూరియా అయింది. అలా పిలిచినవాళ్ళను అక్కడ కొట్టి, ఇంటికొచ్చి జేజితో కొట్లాడేదాన్ని. "వానకు నీ పుస్తకాలు తడిసినాయా? లేదు గదా. మరేంది నీ ఏడుపు?" అనేది. అది నిజమే. నిజం కావడమే నాకు మరింత మంట.

వానలు మొహం చాటేసిన ఒక ఏడు, దసరా సెలవుల్లో జరిగిన సంగతి ఇది. మేమప్పుడు పత్తి వేసేవాళ్ళం. కలుపు తీయడానికి కూలోళ్ళు వచ్చేవారు. చేని దగ్గర బోరింగులో నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పన. అందుకని ఊళ్ళో నుంచి వాళ్ళకు మంచినీళ్ళు మోసుకుపోవడం సెలవుల్లో నా పని.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మేం తాగే బిందెలు వేరు, కూలోళ్ళ కుండ వేరు. ఆ కుండ ఇంట్లోకి వచ్చేది కాదు, పశువుల కొట్టం గోడ పక్కన ఉండేది. ఇంటి బిందె వాళ్ళ దగ్గరికి పోయేది కాదు. ఒకసారి పోతే మళ్ళీ ఇంట్లోకి ఎలా తేవడమన్నది మా పెద్దల బాధ. వాళ్ళు దోసిలి పడితే నేను పైనుంచి చెంబుతో పోసేదాన్ని. చెంబు వాళ్ళ చేతికి తగలకుండా పోయడం నాకు నడక నేర్చినప్పుడే నేర్పారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడది నాకు పొద్దు పొడిచినంత మామూలు సంగతి.

ఆ కుండ గట్టు దిగుతుంటే నా నెత్తి మీద నుంచి జారి పగిలిపోయింది. కొత్తది కావాలంటే సంత దాకా ఆగాలి. జేజి అప్పటికి మా మేనత్తను చూడటానికి వెలిగండ్ల పోయి ఉంది. మా అమ్మ లేదు కనుక ఇంట్లో పెత్తనం చిన్నమ్మది, అంటే మా చిన్నాయన భార్యది. దర్శి వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. అత్త తిరిగొచ్చేసరికి తనూ పొదుపుగా ఇల్లు నడిపించినట్టు కనబడాలని ఆమె తాపత్రయం. కొట్టంలో వెతికి, పత్తికి కొట్టగా ఖాళీ అయిన పురుగుమందు డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, ఎర్రటి మూత, పట్టుకోవడానికి పిడి. ఇంత చక్కటి వస్తువు మా ఇంట్లో మరొకటి లేదు.

ఇద్దరం కూర్చుని ఇసుక పోసి గిలకొట్టాం, బూడిద పోసి గిలకొట్టాం, చింతపండు పులుసు పోసి ఊరబెట్టాం, ఎండలో బోర్లించాం. పుర్రెబొమ్మ ఉన్న కాగితాన్ని నానబెట్టి గోళ్ళతో గీకి తీసింది నేనే. కాగితం పోయాక అది మందు డబ్బా అని ఎవరనగలరు? చిన్నాయన అటుగా పోతూ, "కడిగినారా?" అన్నాడు. కడిగినామన్నాం. నాయన ఆ మాత్రం కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే పిడి పట్టుకుని, చెయ్యి ఊపుకుంటూ చేనికి పోయాను. నెత్తిన కుండ లేదు, మెడ నొప్పి లేదు. కూలోళ్ళలో అందరికన్నా పెద్దామె మొదట దోసిలి పట్టింది. ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"మందు వాసనొస్తాంది పాపా. ఈ నీళ్ళు మాకొద్దు."

"నేనే తోమినా. వాసనేంది? నీ ముక్కుకేమన్నా అయిందా?"

"అయితే అయిందిలే తల్లీ. తీసుకపోయి మీ ఇంట్లో వాళ్ళకు పొయ్యి. వాళ్ళు తాగితే మేమూ తాగుతాం."

మిగతావాళ్ళు కిసుక్కున నవ్వారు. ఒక్కరూ దోసిలి పట్టలేదు. నీళ్ళన్నీ గట్టు మీద పారబోసి, ఏడుపు దిగమింగుకుంటూ ఇల్లు చేరాను. పొద్దుటి బస్సుకు జేజి వచ్చేసి, వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నేను ఆమెతో చెప్పలేదు. చిన్నమ్మతో చెప్పాను, ఊరంతా వినేటంత గొంతుతో. వాళ్ళ పొగరు చూసినావా, మనల్ని తాగమంటారా అని. చిన్నమ్మ కూడా కొంత ఆజ్యం పోసింది. జేజి లేచి వచ్చి డబ్బా మూత తీసి వాసన చూసింది. మూత బిగించి డబ్బాను తన పక్కనే పెట్టుకుంది. ఆమె అరవకపోతే భయపడాలని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

మధ్యాహ్నం నాయన, చిన్నాయన అన్నాలకు కూర్చున్నారు. వడ్డించాల్సిన చిన్నమ్మను పక్కకు జరగమని, జేజి ఆ డబ్బాలో ఇంటి బిందెలోని నీళ్ళు నింపుకొచ్చింది. ఇద్దరి ముందూ చెంబులు పెట్టి, డబ్బా వంచి వాటిలోకి పోసింది. సజ్జరొట్టె తుంచుతున్న నాయన చెయ్యి ఆగిపోయింది.

"ఏందమ్మా ఇది?"

"నీళ్ళు. తాగండి."

"అది మందు డబ్బా గదా."

"కడిగినారంట. ఇసకతో తోమినారంట, ఎండబెట్టినారంట. నువ్వు చూసినావంట గదరా చిన్నోడా. తాగు."

చిన్నాయన తలొంచుకుని రొట్టెను ముక్కల మీద ముక్కలు చేస్తున్నాడు. చిన్నమ్మ ఉండబట్టలేకపోయింది. పాపం, ఆమె వాదన ఆమెది, న్యాయంగానే ఉంది.

"నువ్వు నేర్పిందే గదత్తా? నూనె డబ్బా దాస్తావు, యూరియా సంచి దాస్తావు, పగిలిన పలక కూడా దాస్తావు. నేనొక్క డబ్బా దాస్తే తప్పయిపాయనా?"

"నేను దాసేదాంట్లో ముందు ఏముండెనో నాకెరుక. యూరియా సంచిలో పుస్తకాలు పెట్టినా. అన్నంమూట పెట్టినానా? దీంట్లో ఏముండెనో నీకూ ఎరుకే. ఎరుకుండబట్టే గదా మన బిందె పక్కన పెట్టకుండా చేనికి పంపినావు!"

ఇద్దరిలో ఒక్కరూ చెంబు ముట్టలేదు. అది నాకు ఓటమిలా అనిపించింది. ఆ డబ్బా నా కష్టం. నా గోళ్ళు అరిగాయి. ఇప్పుడు వీళ్ళందరూ నోరు మూసుకుంటే కూలోళ్ళు గెలిచినట్టు, జేజి గెలిచినట్టు, నేను మురికిదాన్ని అయినట్టు. "వాళ్ళెవరూ తాగకపోతే నేను తాగుతా. కడిగింది నేను," అని నాయన ముందున్న చెంబు ఎత్తాను.

అంచు పెదవికి తగిలింది. అంతలో దెబ్బ పడింది. చెంబు గోడకు కొట్టుకుని దొర్లుకుంటూ పోయింది. చెంపా చెవీ కలిపి మోగిపోయాయి. తల తిప్పి చూస్తే ఎదురుగా జేజి.

"అడిగింది నిన్ను కాదే!" అని అరిచింది. కొంగు ముడి నా నోట్లో కుక్కి పెదవులు లోపలిదాకా తుడిచింది, తోలు ఊడిపోతుందేమో అన్నంత గట్టిగా. "నిన్నడిగినానా నేను? వాళ్ళనడిగితే నువ్వెవతెవే తాగేదానికి?"

ఎవరూ తాగరనే నమ్మకంతో జేజి పన్నిన పన్నాగం అది. ఇంట్లో ఒకతి అంత మూర్ఖురాలు ఉంటుందని లెక్కలోకి తీసుకోలేదు. నాయన కంచం వదిలేసి లేచి బయటికి పోయాడు. జేజి కొట్టంలోకి పోయి గడ్డపార తెచ్చి, ఆ డబ్బాకూ, చూరులో ఇంకా ఉన్న ఖాళీ మందు డబ్బాలన్నిటికీ అడుగున బొక్కలు పొడిచింది. దేన్నీ పారేయని మనిషి ఒక్కొక్కదాన్నీ కాలితో తొక్కిపట్టి పొడుస్తుంటే, వీధిలో వాళ్ళు వచ్చి చూశారు. అంత మంచి డబ్బాలు పాడు చేస్తుందేంది, మాకిస్తే వాడుకుంటాం గదా అని పక్కింటామె అంది. అందుకే పొడుస్తున్నానని జేజి ఆమె మీదా ఒక అరుపు అరిచింది.

తర్వాత మా ఇత్తడి బిందె, మేం తాగే బిందె, నింపి చంకనెత్తుకుని చేనికి బయలుదేరింది. చెంబు పట్టుకుని వెనకాల నేను. పొద్దుటి నుంచి నీళ్ళు లేక కూలోళ్ళు చింతచెట్టు నీడన నాలుకలు ఆరిపోయి కూర్చున్నారు. ఇత్తడి బిందెను చూసి పెద్దామె లేచి నిలబడింది. జేజి ఆమెకేమీ సంజాయిషీ చెప్పలేదు. "పట్టు," అంది. ఆమె దోసిలి పట్టింది.

మా జేజిని గొప్పదాన్ని చేసి చూపించాలని నాకు లేదు. సాయంత్రం ఆ బిందెను చింతపండుతో మళ్ళీ మళ్ళీ తోమిగానీ లోపలికి రానివ్వలేదు. చెంబు పైనుంచే పోసింది. సంతలో కొత్త కుండ కొన్నాక బిందె ఇల్లు కదల్లేదు. ఆమె దాటగలిగిన గీత ఒకటే, మిగతావి అలాగే ఉన్నాయి. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

బొక్క పొడిచిన ఆ డబ్బాను కూడా, చెబితే నమ్మరు, వదల్లేదు. కర్రకు గుచ్చి, బొగ్గుతో కళ్ళు, మీసాలు పెట్టి, పత్తి చేలో దిష్టిబొమ్మకు తలకాయ చేసింది. మీసాలు అచ్చం మా చిన్నాయనవే. పెద్దామె దాన్ని చూసి, "అమ్మో, ఇది నీళ్ళడిగితే ఇచ్చేటట్టు లేదు పాపా!" అంది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. జేజి మీద కోపంగా ఉన్నాను కదా. ఆ కోపం ఆమె బతికున్నంత కాలమూ పూర్తిగా పోలేదు. కొట్టినందుకు ఆమె ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు.

మొన్నీమధ్య మార్కాపురంలో ఒక ప్రైవేటు బడివాళ్ళు పిల్లల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. పారేసే వస్తువులతో పనికొచ్చేవి చేయాలట. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను కనుక తీర్పులు కూడా చెప్పగలననుకున్నారు. సగం పిల్లలు పారేయడం కోసమే కొత్త సీసాలు కొని తెచ్చారు. కూల్‌డ్రింకు మోరీలో పారబోసి, ఆ సీసాకు తళుకులు అంటించి, భూమిని కాపాడామని రాశారు. నోరు బిగబట్టుకుని నడుస్తున్నాను. చివరి బల్ల మీద పెద్ద డబ్బా ఒకటి ఉంది. పొద్దుతిరుగుడు పూల బొమ్మలు వేసి, కింద కుళాయి బిగించి, పక్కన అట్టముక్క మీద రాశారు: వాచ్‌మన్ తాతకూ, ఆయమ్మలకూ మంచినీళ్ళు.

ముందు దీంట్లో ఏముండేదని అడిగాను. బాత్రూములు కడిగే యాసిడ్ అని టీచరమ్మ చెప్పింది, చాలా క్లీన్‌గా కడిగించామని కూడా చెప్పింది. కుళాయి తిప్పి గ్లాసు నింపి ఆమె ముందు పెట్టాను. "తాగమ్మా," అన్నాను. నవ్వింది. కరస్పాండెంటు వైపు జరిపాను. ఆయనా నవ్వాడు. మేడమ్ భలే జోక్ చేస్తారని ఎవరో అన్నారు. వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి అంతా చూస్తున్నాడు. నవ్వనివాడు అతనొక్కడే.

అప్పుడు బల్ల వెనక నుంచి ఒక పిల్ల ముందుకొచ్చింది. పదేళ్ళుంటాయేమో. వేళ్ళకింకా రంగు అంటుకునే ఉంది. "నేను తాగుతా మేడమ్. కడిగింది నేనే," అని గ్లాసు ఎత్తింది.

నా చెయ్యి నన్ను అడక్కుండానే లేచింది. గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. పిల్ల మొహమంతా నీళ్ళు, నా చీరంతా నీళ్ళు. నా కొంగు ఆ పిల్ల మూతిని గట్టిగా తుడుస్తోంది. అడిగింది నిన్ను కాదే అని నేను అరిచానని తర్వాత వాళ్ళు చెప్పారు. ఆ బడివాళ్ళు నన్ను మళ్ళీ పిలవరు. పిలవకపోతే పీడా పోయింది. డబ్బాకు మాత్రం నా ఎదురుగానే అడుగున బొక్క పెట్టించి వచ్చాను.

గేటు దాటేదాకా ఆ పిల్ల నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. సారీ చెబుదామని ఒక అడుగు వెనక్కి వేసి, ఆగిపోయాను. ఆ కోపం దాని దగ్గరే ఉండనీ. పనికొస్తది.