చుక్క ముట్టని తాగుబోతు

ముందే చెబుతున్నాను, ఇది ఉద్యోగం కాపాడుకోబోయి ఉద్యోగానికే ఎసరు పెట్టుకున్న ఒక మేధావి కథ. ఆ మేధావిని నేనే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కరీంనగర్ నుంచి మంథని వెళ్లే బస్సులో కండక్టరుగా ఉండేవాణ్ని. ముప్పై నిండకముందే కాళ్లు నా మాట వినడం మానేశాయి. ఎండ ముదిరితే మరీ తూలేవాణ్ని. హైదరాబాదు పెద్దాసుపత్రి డాక్టరు దీన్ని మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటారని, నరాల మీది పొర చెడిపోతోందని, మందు లేదని చెప్పాడు. పేరు మాత్రం ఘనంగానే ఉంది. సంగతి తెలిస్తే డిపోవాళ్లు ఇంటికి పంపేస్తారని నా భయం. అందుకే మా ఆవిడ రాజవ్వకు కూడా చెప్పలేదు.

అదృష్టం ఏమిటంటే, ఆ రోడ్డు మీద కదిలే బస్సులో తూలని మనిషి లేడు. దిగితేనే చిక్కు. పెద్దపల్లి బస్టాండులో నా నడక చూసి, పొద్దున్నే కల్లు పట్టించాడని జనం చెవులు కొరుక్కున్నారు. నాకు కోపం రావాలి కదా? రాలేదు సరికదా, సంబరపడ్డాను. రోగిని ఇంటికి పంపుతారు, తాగుబోతును తిట్టి వదిలేస్తారు అనుకున్నాను. అప్పటినుంచి బస్సు దిగినప్పుడల్లా కూనిరాగం కూడా తీసేవాణ్ని. నటన ఎంత పండిందంటే, రాజవ్వ కల్లు మండువకు వెళ్లి, నాకు కల్లు పోస్తున్నాడని అక్కడి గౌండ్లాయనతో పెద్ద జగడం పెట్టుకుని వచ్చింది.

డ్యూటీలో తాగినవాణ్ని కూడా ఇంటికే పంపుతారని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఎవరో ఫిర్యాదు చేశారు. ఒక మిట్టమధ్యాహ్నం పెద్దపల్లిలో చెకింగ్ ఇన్‌స్పెక్టరు దిగబడి నా నోరు వాసన చూశాడు. ఏమీ లేదు. నడవమన్నాడు. నాలుగడుగులేసి ఆయన మీదే పడ్డాను. వాసన రాకుండా ఏం తాగావని నిలదీశాడు. ఇక దాచి లాభం లేదు.

"తాగలే సార్, నాకు నరాల బీమారి. పనికి ఫికర్ లేదు. బస్సు కదలనియ్యుండ్రి, మీరే చూస్తరు."

ఆయనా ఎక్కాడు, బస్సు కదిలింది. నేను రాడ్డుకు మోచెయ్యి తగిలించి, సీటుకు తొడ ఆనించి, టికెట్లు కొడుతూ వెనకదాకా వెళ్లాను. కాళ్లను నమ్మడం ఎప్పుడో మానేసినవాణ్ని కదా. పాపం ఇన్‌స్పెక్టరు ఇంకా కాళ్లనే నమ్ముకున్నాడు. మొదటి గుంతకే వెళ్లి ఒక ముసలమ్మ ఒళ్లో కూలబడ్డాడు.

"గీ సారు పొద్దుగాలనే తాగిండా, బిడ్డా?" అని ఆమె నన్నడిగింది.

"నేను తాగలే, అవ్వా," అన్నాడాయన.

"నేను గూడ గట్లనే అన్న, సార్," అన్నాను.

బస్సంతా నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు. డిపోలో నా తరఫున మాట్లాడింది ఆయనే. కింద చేసే పనులు డ్రైవరుకు అప్పగించి నన్ను బస్సులోనే ఉంచారు. తర్వాత కాళ్లు పూర్తిగా మొండికేస్తే టికెట్ల కిటికీ దగ్గర కుర్చీ వేశారు. జబ్బు నన్ను కూర్చోబెట్టింది గానీ ఇంట్లో కూర్చోబెట్టలేకపోయింది. రిటైరయ్యే దాకా నా జీతం నేనే సంపాదించుకున్నాను.

ఇన్‌స్పెక్టరుకు దొరికిపోయినప్పుడే నిజం విని రాజవ్వ ఏడ్చింది. ఏడుపు ఆగాక, "రోగమైతే రోగమని చెప్పరాదా? గా గౌండ్లాయన ముందట నా ఇజ్జత్ తీస్తివి," అని నన్ను మండువకు లాక్కెళ్లి క్షమాపణ చెప్పించింది. అతను నవ్వేసి, మర్యాదకు ఒక లోటా పోశాడు. కాదనలేక, జీవితంలో మొదటిసారి తాగాను. ఆవిడ భుజం పట్టుకుని తూలుతూ ఇంటికి వస్తుంటే, అప్పటికే నా జబ్బు సంగతి విన్న బజారంతా చూసి, "పాపం, నరాల బీమారి," అని జాలిపడింది.

అందుకని అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో తాగకుండా తాగుబోతునని ఎవరినీ నమ్మించను. తాగినప్పుడు జబ్బే అనుకుంటామంటే మాత్రం, అది వాళ్ల మంచితనం.