తోక మీద చుక్క

మా బంగారు చేపకు చుక్కలు లేచాయని మొదట కనిపెట్టింది అత్తమ్మే. గుమ్మంలో కూర్చుని కరివేపాకు దూస్తూ, అంత దూరం నుంచే, "బిడ్డా, చేపకు అమ్మవారు పోసింది" అంది. నాకైతే గాజుతొట్టికి ముక్కు ఆనించి చూస్తే గానీ కనిపించలేదు. రెక్కల మీదా తోక మీదా ఉప్పురవ్వంత తెల్లటి చుక్కలు. డెబ్బయ్యేళ్ల మనిషి కళ్లండీ అవి! నా సూదిలోకి దారం కూడా ఆమే ఎక్కించేది.

మామయ్య పోయాక ఎర్రుపాలెం నుంచి భద్రాచలంలో మా కిరాయి ఇంటికి వచ్చిందామె. నేనూ మా ఆయనా పొద్దున ఆఫీసులకు పోతే సాయంత్రం దాకా ఇంట్లో మరో మనిషి లేరు. ఆమెకు పొద్దు పోతుందని ఖమ్మం నుంచి చేపను తెచ్చాం. ఇక రోజంతా దాంతోనే కబుర్లు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఊపిరాడింది. నాకేమో ముక్కు మీద కోపం, ఆమెకేమో ప్రతిదానికీ ఒక సలహా.

చేపల షాపులో ఇచ్చిన నీలిమందు వేశాను. వారానికి తగ్గింది, ఇంకో వారానికి మళ్లీ వచ్చింది. ఇదే వరస రెండు నెలలు. అత్తమ్మ ఆదివారం చర్చిలో, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదని ప్రార్థన చేయమంది. పాపం పాస్టరుగారు పలకరించడానికి ఇంటికే వస్తే తొట్టి చూపించింది. మంచాయన, ప్రార్థన చేసి టీ తాగి వెళ్లాడు.

ఇక లాభం లేదని ఖమ్మం వెళ్లి షాపాయన్ను నిలదీశాను. మీ మందు దండగన్నాను. ఆయన నవ్వి, తొట్టిలో నీళ్లు చల్లగా ఉంటున్నాయా అని అడిగాడు. భద్రాచలం ఎండల్లో చల్లగా ఎందుకుంటాయని ఎదురడిగాను.

"ఆ చుక్కలు పురుగే మేడం, దానికి వేడి పడదు. మన ఎండలకే చచ్చిపోవాలె. ఇంట్ల ఎవరో సల్లనీళ్లు పోస్తున్నరు, చూస్కోండి."

మర్నాడు ఒకపూట సెలవు పెట్టి ఇంటికొచ్చాను. అనుకున్నంతా అయింది. తొట్టిలో వేపరెమ్మ. అత్తమ్మ చేతిలో చెంబు, చెంబులో కుండనీళ్లు. అమ్మవారు పోస్తే చలువ చేయాలిగా మరి! రెండు నెలలుగా నేను మందు వేయడం, నేనటు వెళ్లగానే ఆమె ఆ నీళ్లు సగం తోడేసి చల్లటివి పోయడం. నాకు ఒళ్లు మండిపోయింది. "దాన్ని చంపుతున్నది మీరే" అనేశాను.

అనకూడని మాట. ఆమె చెంబు కింద పెట్టింది. సాయంత్రానికల్లా బట్టలు సంచిలో సర్దుకుని తలుపు వెనక పెట్టుకుంది.

"దానికి తగ్గినంక ఎర్రుపాలెం పోత బిడ్డా. అందాక ఉంట" అంది. నాకు అన్నం సహించలేదు.

కుండనీళ్లు మానేశాం. తొట్టిని రేకుల వంటింట్లోకి మార్చి, గాలిబుడగల మోటారు ఆపకుండా నడిపి, మందు వేశాం. ఆ ఉక్కలో అత్తమ్మ దాని పక్కనే పీట వేసుకుంది. నీళ్లు చల్లబడతాయని ఫ్యాను కూడా వేయనిచ్చేది కాదు. ఆఫీసు నుంచి రాగానే నేనే విసనకర్ర తీసుకుని, తొట్టికి తగలకుండా ఆమెకు మాత్రం విసిరేదాన్ని. ఆమె తన పెళ్లినాటి సంగతులు చెబుతుంటే నేనూ ఆ చేపలాగే నోరు తెరుచుకుని వినేదాన్ని. ఇంత నవ్వించే మనిషని నాకు అన్నాళ్లూ తెలియనే లేదు.

చుక్కలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. సంతోషించాలా? నాకు గుబులు పట్టుకుంది. పన్నెండోరోజు పొద్దున చూస్తే ఒళ్లంతా నున్నగా, మిలమిలా మెరుస్తూ తిరుగుతోంది చేప. తలుపు వెనక సంచి అలాగే ఉంది.

"తోక మీద ఇంకొకటి ఉన్నట్టుంది అత్తమ్మా" అన్నాను, ఆమె వైపు చూడకుండా.

ఆమె లేచి వచ్చి తొట్టి దగ్గర వంగింది. సూదిలో దారం ఎక్కించే ఆ కళ్లతో చాలాసేపు చూసింది.

"అవ్ బిడ్డా, ఉన్నది. ఇప్పట్ల తగ్గేటట్టు లేదు."