చల్లపల్లిలో ప్లగ్గు పీకిన వైనం

ఒక యంత్రం ప్లగ్గు పీకి, ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? మీకైతే అర నిమిషం. నాకు మూడున్నర గంటలు పట్టింది. ఒక కారు, ఒక యజమాని, ఉయ్యూరు దగ్గర లెక్కలేనన్ని చెరుకు ట్రాక్టర్లు కూడా పట్టాయి. ఆ ఘోరం ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెబుతాను. హాయిగా నవ్వుకోండి. చివర్లో ఒకచోట మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు. అక్కడ మీరు కూడా కాస్త ఆగితే సంతోషిస్తాను.

నేను అప్పట్లో డెల్టా ఊళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. ఆఫీసు విజయవాడ వన్ టౌన్‌లో, స్టీలు సామాన్ల గోడౌను పైన. కింద బిందెల మూటలు దింపితే పైన మా కంప్యూటర్లు ఉలిక్కిపడేవి. యజమాని ప్రసాదరావు గారు. మాకు చల్లపల్లిలో ఒక ఎరువుల కొట్టు మేడ మీద చిన్న గది ఉండేది. ఆ చుట్టుపక్కల బళ్ళకీ బ్యాంకులకీ రైసు మిల్లులకీ వెళ్ళే తీగలన్నీ ఆ గదిలోని ఒక స్విచ్చిలో కలుస్తాయి. స్విచ్చి అంటే లైటు వేసేది అనుకునేరు. ఏ బండి ఏ పట్టాల మీద పోవాలో చెప్పే రైల్వే జంక్షన్ లాంటి యంత్రం అది.

ఆ గదిని చూసుకునేది దేవసహాయం గారు. మా నాన్నకంటే రెండేళ్ళు చిన్న. ఇల్లు ఆ వీధి చివరే. యంత్రం మొరాయించినప్పుడల్లా నేను ఇక్కణ్ణుంచి ఫోన్ చేస్తే, ఆయన మెట్లెక్కి వెళ్ళి ప్లగ్గు పీకి పెట్టేవారు. అది లేచి కూర్చునేది. ఇంజనీరింగ్ చదివిన నాకు ఈ పద్ధతి మహా నామోషీగా ఉండేది. ఎద్దును తోక మెలిపెట్టి లేపడానికీ దీనికీ తేడా ఏముందని బాధపడేవాణ్ణి.

అందుకని ప్రసాదరావు గారి చెవిలో ఇల్లు కట్టుకుని ఒక పెట్టె కొనిపించాను. దాని పేరు కన్సోల్ సర్వర్. సంగతి చాలా తేలిక. ప్రతి యంత్రానికీ వీధి గుమ్మం కాక ఒక దొడ్డి గుమ్మం ఉంటుంది. వీధి గుమ్మం బిగుసుకుపోతే ఇంజనీరు స్వయంగా అక్కడికి వెళ్ళి దొడ్డి గుమ్మానికి తీగ తగిలించి లోపలికి దూరతాడు. ఈ పెట్టె అన్ని యంత్రాల దొడ్డి గుమ్మాలనూ ఒకచోటికి చేర్చి, ఎంత దూరం నుంచైనా తలుపు తీసే వీలు కల్పిస్తుంది. ఒకే ఒక్క షరతు. పెట్టెకు తనదంటూ వేరే లైను ఉండాలి.

పెట్టె కార్తీకమాసంలో వచ్చింది. ప్రసాదరావు గారు ముహూర్తం పెట్టించారు. సోమవారం ఉదయం పదీ ఇరవై. పంతులు గారిని కారులో ఎక్కించుకుని మరీ చల్లపల్లి వెళ్ళాం. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నేను ఇల్లు అలకకుండానే పండగకు పీట వేశాను. ఎందుకంటే పెట్టెకు వేయాల్సిన వేరే లైను ఇంకా రాలేదు. లైను వాళ్ళకు ఫోన్ చేస్తే, రేపు తప్పకుండా వేస్తామన్నారు. పంతులు గారేమో గడియారం చూసి, పన్నెండు నిమిషాలే ఉందన్నారు. ప్రసాదరావు గారు చెప్పులు విడిచి, చేతిలో కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. అందరూ నన్నే చూస్తున్నారు.

పెట్టె తాలూకు తీగ దేవసహాయం గారి చేతిలో ఉంది. నేను స్విచ్చిలో ఖాళీగా ఉన్న ఒక రంధ్రం చూపించి, అందులో పెట్టేయమన్నాను.

ఆయన పెట్టలేదు. "సార్, దీన్ని అందులోనే పెడితే, రేపు అది పడుకుంటే ఇదీ పడుకుంటది కదండీ?" అన్నారు.

పాఠకులారా, ఆ ప్రశ్న విలువ నాకు తెలిసేసరికి నెల దాటింది. దొడ్డి గుమ్మానికి వెళ్ళే దారిని వీధి గుమ్మంలోంచే వేస్తున్నావు కదా నాయనా అని ఆయన మర్యాదగా అడిగారు. యజమాని ముందు, పంతులు గారి ముందు, పదో తరగతి చదివిన మనిషి అడిగారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి.

"ప్రస్తుతానికి పెట్టండి దేవసహాయం గారూ. రేపు మారుద్దాం. ఇవి మీకు తెలిసే విషయాలు కావు" అన్నాను.

ఆయన పెట్టారు. కొబ్బరికాయ పగిలింది. నీళ్ళు యంత్రం మీద పడకుండా నేను అడ్డం నిలబడి చొక్కా తడుపుకున్నాను. పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టారు. పెళ్ళికూతురికి కూడా అంత భద్రంగా పెట్టరు.

మర్నాడు లైను వాళ్ళు నిజంగానే వచ్చి, తీగ గదిలోకి లాగి, చుట్ట చుట్టి వెళ్ళారు. దాన్ని పెట్టెకు తగిలించి నాలుగు అంకెలు మార్చడమే మిగిలింది. దేవసహాయం గారు రెండుసార్లు ఫోన్ చేసి గుర్తుచేశారు. ఈసారి వచ్చినప్పుడు చూస్తానని రెండుసార్లూ చెప్పాను. ఆ ఈసారి రాలేదు.

నేను చేసింది అంతటితో ఆగినా బాగుండేది. డిసెంబరు మొదటివారంలో ప్రసాదరావు గారు నన్ను పిలిచి, ఇబ్రహీంపట్నంలో మన గది చూసుకోవడానికి మనిషి లేడు, చల్లపల్లిలో దేవసహాయం లేకపోతే గడుస్తుందా అని అడిగారు. నేను ఒక పేజీ రిపోర్టు రాసిచ్చాను. పెట్టె వచ్చాక చల్లపల్లిలో మనిషి అక్కర్లేదని రాశాను. కింద గీత కూడా గీశాను.

దేవసహాయం గారిని ఇబ్రహీంపట్నం వేశారు. చల్లపల్లి నుంచి విజయవాడ బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. చీకటితో బయల్దేరి, చీకటిపడ్డాక ఇంటికి చేరాలి. భార్యకు చల్లపల్లి బళ్ళో ఉద్యోగం, కాబట్టి కాపురం మార్చే వీల్లేదు. వెళ్ళేముందు ఆయన గది తాళంచెవి తెచ్చి నాకిస్తూ, "బదిలీ జనవరికి వేయించగలరేమో అడుగుతారా సార్? ఈ నెల చర్చిలో పనుంటదండి" అన్నారు. అడుగుతానన్నాను. అడగలేదు. నా రిపోర్టు మీద నాకే అనుమానం ఉందని యజమాని అనుకుంటాడేమోనని భయం. పైగా పెట్టె ఖరీదైనదని గదికి ఇనుప గ్రిల్లు వేయించి, కొత్త తాళం పెట్టించి, ఆ తాళంచెవి కూడా తెప్పించుకుని నా జేబులోనే వేసుకున్నాను.

ఇక అసలు ఘట్టం. ఆయన వెళ్ళిన పదిహేనో రోజు, పట్టపగలు పదకొండు గంటలకు, వన్ టౌన్‌లో కూర్చుని చల్లపల్లి స్విచ్చిలో కొత్త మిల్లు కోసం ఒక దారి చేర్చబోయాను. చేర్చమని చెప్పే ఒక్క మాట టైపు చేయడం మర్చిపోయాను. దాంతో యంత్రం, ఆ ఒక్క దారి ఉంచి మిగతావన్నీ మూసేయమన్నానని అర్థం చేసుకుంది. మూసేసింది. మనుషులకన్నా యంత్రాలు వినయంగా ఉంటాయి, అదే వాటితో చిక్కు.

నేను కంగారుపడలేదు. చిరునవ్వు కూడా నవ్వాను. పెట్టె ఉందిగా. పెట్టెను పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలుస్తుండగా ఆ తీగ, ఆ రంధ్రం కళ్ళముందు కనిపించాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో అందరూ చేసేదే. నేను ఆకుల కట్టను కూడా పొయ్యిలోనే పెట్టుకున్నాను.

మందు తెలుసు. మార్పును నేనింకా భద్రపరచలేదు కాబట్టి యంత్రాన్ని ఒకసారి ఆర్పి వెలిగిస్తే పాత దారులన్నీ తెరుచుకుంటాయి. ప్లగ్గు పీకే మనిషి ఒక్కడు కావాలి. కింద ఎరువుల కొట్టాయనకు ఫోన్ చేశాను. గ్రిల్లుకు తాళం ఉందన్నాడు. పగలగొట్టమన్నాను. "మేమెందుకు పగలగొడతామండీ. వేయించింది మీరు, మీరే వచ్చి పగలగొట్టుకోండి" అన్నాడు. పోనీ మేడ మొత్తానికీ మెయిన్ ఆపమని బతిమాలాను. పాపం, ఆపాడు.

"ఆపానండీ. మా ఫ్యాను ఆగింది, లైటు ఆరింది. మరి పైన మీది ఇంకా మినుకు మినుకుమంటందేంటండీ?"

నేనే పెట్టించిన బ్యాటరీలు. కరెంటు పోయినా ఆరు గంటలదాకా ఆగవు.

ఈలోగా ప్రసాదరావు గారి రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. ఆయన కారు తాళాలు తీసుకుని, పద అన్నారు. ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నాం. రోడ్డుమీద కదలిక లేదు. చివరికి ఆయనే అడిగారు.

"ఆ పెట్టె ఉండగా ఇలా ఎట్లా అయిందయ్యా శ్రీధర్?"

"తీగ తప్పుచోట ఉందండి."

"ఎవరు పెట్టారు?"

నవ్వు రాదన్న చోటు ఇదే. "ఆ రోజు తీగ పెట్టింది దేవసహాయం గారేనండి" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒట్టి నిజాలతో అంత పెద్ద అబద్ధం కట్టవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ప్రసాదరావు గారు వెంటనే ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు. నాకు కారు తలుపు తీసుకుని చెరుకు తోటల్లోకి పారిపోవాలనిపించింది.

"దేవసహాయం, ఆ పెట్టె తీగ స్విచ్చిలో పెట్టింది నువ్వేనా?"

 "అవునండి, నేనే పెట్టానండి" అన్నారు దేవసహాయం గారు. ఆ వెంటనే, "సారుకు చెప్పండి, ప్లగ్గు పీకాక ఇరవై లెక్కపెట్టి పెట్టమని. వెంటనే పెడితే అది లేవదండి" అన్నారు.

పామర్రు దాటింది. కూచిపూడి దాటింది. నోరు తెరవడానికి నాకు బోలెడంత దారి దొరికింది. తెరవలేదు.

గదిలోకి వెళ్ళి స్విచ్చి ప్లగ్గు పీకి ఇరవై లెక్కపెట్టాను. పెట్టాను. లేచింది. ఊపిరి పీల్చుకునేలోపు, వెనక ప్రసాదరావు గారు వంగి ఆ తీగ వంక చూస్తున్నారు. దాని మెడకు తెల్ల టేపు చుట్టి, దానిమీద ఎవరో గుండ్రటి అక్షరాలతో స్కెచ్ పెన్నుతో రాశారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకే చదివారు.

"ప్రస్తుతానికి పెట్టినది. శ్రీధర్ సారు వచ్చి మారుస్తారు."

అప్పుడు ఒప్పుకున్నాను. దేవసహాయం గారు వద్దన్నారని, నేనే పెట్టించానని, ముహూర్తం సంగతి, గుర్తుచేసిన రెండు ఫోన్ల సంగతి, జనవరి సంగతి, అన్నీ. పట్టుబడ్డాక ఒప్పుకోవడాన్ని నిజాయితీ అనరు. ప్రసాదరావు గారూ అనలేదు.

దేవసహాయం గారిని మర్నాడే మళ్ళీ చల్లపల్లి గదికి వేసేశారు. తాళంచెవులు ఇవ్వడానికి నేనే వెళ్ళాను. చర్చిలో సెమీ క్రిస్మస్ అంతకుముందు వారమే అయిపోయిందనీ, కేరల్స్‌తో ఇంటింటికీ తిరగడం కూడా అయిపోవచ్చిందనీ, ఏటా డోలక్ వాయించే తమ ఇంటాయన లేక ఈసారి పిల్లలు ఉత్త చప్పట్లతో కానిచ్చారనీ వాళ్ళావిడ చెప్పారు. నేను క్షమించమన్నాను.

"నేనే పెట్టానని చెప్పడం తప్పు కాదు బాబూ, పెట్టింది నేనేగా" అన్నారాయన. "వద్దన్నానని కూడా చెప్పుంటే బాగుండేది. కూర్చోండి, టీ తాగి వెళుదురుగాని."

నన్ను సార్ అనకుండా బాబూ అన్నది ఆ ఒక్కసారే. 

ఇబ్రహీంపట్నం గది మళ్ళీ ఖాళీ అయింది కదా. అక్కడ మనిషి ఉండాల్సిందేనని ప్రసాదరావు గారు తీర్మానించి, ఆ మనిషిగా నన్ను వేశారు. అప్పటికే నేను చల్లపల్లి పెట్టెకు వేరే లైను తగిలించాను. ఇబ్రహీంపట్నంలో కూడా అలాంటి పెట్టెనే ముహూర్తం లేకుండా పద్ధతిగా పెట్టి, వీధి గుమ్మం నా చేతులతో మూసి, దొడ్డి గుమ్మం తెరుచుకుంటుందో లేదో మూడుసార్లు చూశాను. ప్రతిసారీ తెరుచుకుంది. నాలుగు నెలలు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు చూస్తూ కూర్చున్నాక, ఇక్కడ మనిషి అక్కర్లేదని, నన్ను వెనక్కి పిలిపించుకోవచ్చని పరమ సత్యమైన రిపోర్టు ఒకటి రాసి పంపాను.

ప్రసాదరావు గారు ఫోన్ చేశారు. "ఇలాంటి రిపోర్టు ఒకసారి నమ్మానయ్యా. చాలు" అని పెట్టేశారు.

కాబట్టి కృష్ణా నది సాక్షిగా, పసుపూ బొట్టూ పెట్టించుకున్న సమస్త యంత్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫలానా మనిషి అక్కర్లేదని ఈ జన్మలో మళ్ళీ నా చేత్తో రాయను. రాయాల్సిన అవసరం ఒకవేళ వస్తే, ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, నేను చేసేదాంట్లో తప్పేమైనా కనిపిస్తోందా అండీ అని అడుగుతాను. ఆయన చెప్పేది చివరిదాకా వింటాను. విన్నాక, కాగితం చింపేస్తాను.