చదవడానికి కాదు, ఆడటానికి

కుట్టుమిషన్ మొరాయిస్తే ఆ వీధివాళ్ళు ముందు దానికి ఓ దెబ్బ వేస్తారు, తర్వాత దేవుణ్ణి తలుచుకుంటారు, ఆఖరికి మిషనక్క దగ్గరికి మోసుకొస్తారు. ఈ వరుస తప్పని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. "ఎలాగూ నా దగ్గరికి రాక తప్పదుగా, ఆ దెబ్బేదో మానేసి రావచ్చు కదా" అంటుంది మూత విప్పుతూ. ఆవిడకి నోరెక్కువని వీధిలో పేరు. చేతిలో పనితనం కూడా ఎక్కువేనని ఒప్పుకోవడానికి ఆ వీధికి కొన్నేళ్ళు పట్టింది.

షాపు మామగారిది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయనకి మధ్యాహ్నం భోజనం తెచ్చేది. ఆయన తిని చెయ్యి కడుక్కునేలోగా బల్ల మీది మిషన్‌ని విప్పి చూసేది. ముందు ఆయన కసిరాడు, తర్వాత నేర్పాడు, చివరికి తనే జరిగి కుర్చీ ఇచ్చాడు. భర్త దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉంటే నిద్రపోతాడు, నిద్ర లేస్తే బస్సెక్కుతాడు. ఇక ఆ ఇంట్లో ఆవిడతో మాటకి మాట అనడానికి మిగిలింది మరిది ఒక్కడే. ఆవిడ పెళ్ళినాటికి అతను నిక్కర్ల పిల్లాడు. ఇప్పుడు నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా, పైగా ఊళ్ళో కంప్యూటర్ గేములు తయారుచేసేవాళ్ళ సంఘానికి కార్యదర్శి. గుమాస్తా పని కడుపు కోసం, కార్యదర్శి పని గొప్ప కోసం.

ఆ సంఘం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆదివారాలు మందుల షాపు పైగదిలో కలుస్తారు. అందరూ పగలంతా వేరే పనులు చేసుకుని సరదాకి గేములు రాసేవాళ్ళే. ఏటా పోటీ పెట్టుకుంటారు. దానికి ఒకటే నియమం: కోడ్ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఎవరిది వాళ్ళే రాసుకోవాలి. ముక్కల్ని లాగి అతికిస్తే గేము తయారయ్యే సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళకి ఆ గడప దాటే యోగం లేదు. ఎవరైనా కొత్తగా వస్తే, టీ తాగుతారా అని అడిగే ముందే "కోడ్ మీరే రాశారా?" అని అడుగుతారు. పోటీ రోజున ఆ కోడ్‌ని గోడ మీద పెద్దగా వేసి, మందుల షాపు యజమాని, అంటే అధ్యక్షుడు, వరుసవరుసా చదువుతాడు. మంచి వరుస తగిలితే పాట వింటున్నట్టు అందరూ తలలూపుతారు. చదవడం పూర్తయ్యేసరికి చీకటి పడుతుంది. ఎవరికి మార్కులు వేయాలో అప్పటికే తెలిసిపోతుంది కాబట్టి ఆటల్ని కాస్త కదిపి చూసి ఊరుకుంటారు.

పోయినేడాది మొదటి బహుమతి మరిదికి వచ్చింది. అతని ఆట పేరు 'బురుజు'. ఆ కప్పుని మిషనక్క షాపు అద్దాల బీరువాలో, సూదుల డబ్బాల పైన పెట్టించింది. వచ్చినవాళ్ళ మిషన్‌కి ఏమైందో అడగకముందే "మా మరిది గెలిచాడు" అని చెప్పేది. అబద్ధమెందుకు, ఆవిడ గర్వంతో ఉబ్బిపోయింది. అతనికి లెక్కలు రాకపోతే చెవి మెలిపెట్టి కూర్చోబెట్టింది ఆవిడే మరి.

అంత గొప్ప ఆటని ఓసారి ఆడి చూద్దామని షాపులోని కంప్యూటర్లో మొదలుపెట్టింది. ఐదంతస్తుల బురుజు. ఒక్కో అంతస్తులో తాళంచెవి వెతికి పట్టుకుని పై తలుపు తీసుకుంటూ శిఖరం చేరాలి. కింది తలుపుల తాళంచెవులు ఏ అంతస్తువి ఆ అంతస్తులోనే దొరికాయి, తెరుచుకున్నాయి. నాలుగో అంతస్తు తలుపుది మాత్రం కింద మూడో అంతస్తులో దొరికింది. దాన్ని పైకి తీసుకెళ్తే ఆ తలుపు తెరుచుకోలేదు. తనకే చేతకాలేదనుకుని మళ్ళీ ఎక్కింది. మళ్ళీ అదే తలుపు. వారమంతా ఎక్కి ఎక్కి, చివరికి మొండి మిషన్‌ని చూసినట్టు దాన్ని చూసింది. తప్పు తన చేతిలో లేదు, తలుపులో ఉంది.

తలుపు తెరుచుకోకపోవడానికి కారణమేమై ఉంటుందో తేల్చుకోవడానికి ఆవిడ ఆ అతికించే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుంది. అందులో 'ఇది దాన్ని తాకితే ఇలా జరగాలి' అని రాసున్న ముక్కలుంటాయి. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చాలి. ఒక గది చేసి, తలుపు పెట్టి, తాళంచెవి పెట్టింది. తెరుచుకుంది. రెండో గది చేసి, మొదటి గదిలో తాళంచెవి తీసుకుని రెండో గదికి వెళ్ళి అక్కడి తలుపు తీయబోయింది. తెరుచుకోలేదు. చెవి మొదటి గదిలోనే ఉండిపోయింది. అప్పుడు వెలిగింది. మరిది ఒక్కో అంతస్తూ విడివిడిగా చేసుకుంటూ, సరిచూసేటప్పుడు నేరుగా ఆ అంతస్తు నుంచే మొదలుపెట్టాడు, చేతిలో తాళంచెవి పెట్టుకుని. కింద నుంచి ఎప్పుడూ ఎక్కలేదు. కోడ్ చదివి తలలూపినవాళ్ళూ ఎక్కలేదు. ఆ బురుజుని కింద నుంచి ఎక్కిన మొట్టమొదటి మనిషి తనే.

చెప్పాలనుకుంది. అన్నం దగ్గర కూర్చున్న మరిది మొహం చూసి, ఇవాళ వద్దులే అనుకుంది. బీరువాలో కప్పు చూసి, రేపు కూడా వద్దులే అనుకుంది. అలా ఆ మాట కడుపులోనే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్ మాత్రం చేతికి అంటుకుంది. ఆవిడకి తెలిసిన ప్రపంచం ఒకటే కదా, దాన్నే ఆట చేసింది. ఆడేవాళ్ళు దారపు కొసని పట్టుకుని రీలు నుంచి బయల్దేరాలి. కొక్కేలన్నీ దాటించి సూది బెజ్జంలోకి ఎక్కించాలి. గట్టిగా లాగితే తెగుతుంది, వదులైతే చిక్కుపడుతుంది. ఆ బిగువు చెయ్యికి తెలిశాకే గుడ్డ మీద కుట్టు పరుగెత్తుతుంది. పేరు 'దారం'.

"అబ్బాయ్, నేనో గేము చేశాను. మీ పోటీలో పెట్టాలి" అంది ఓ రోజు భోజనాల దగ్గర.

"దేంతో చేశావ్ వదినా?"

చెప్పింది. మరిది నవ్వాడు. "అది చెల్లదు వదినా. అందులో నువ్వు రాసిందేముంది, అంతా వాళ్ళు ముందే రాసిపెట్టిందేగా."

"నువ్వేసుకున్న చొక్కా చేత్తో కుట్టిందా, మిషన్ మీద కుట్టిందా?"

"మిషన్ మీదే."

"కుట్టింది దర్జీయా, మిషనా?"

"అది వేరు."

"ఏది వేరో అన్నం తినేలోగా చెప్పు."

అన్నం అయిపోయింది, మజ్జిగా అయిపోయింది, జవాబు రాలేదు. "ఏదైనా నియమం నియమమే" అని చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడకి గుచ్చుకుంది. సూదులతో బతికే మనిషికి గుచ్చుకోవడం కొత్త కాదు కానీ, ఇది వేళ్ళకి కాదు తగిలింది.

ఆ ఆదివారం పిలవకుండానే పైగదికి వెళ్ళింది, పర్సులో పెన్‌డ్రైవ్ వేసుకుని. వెళ్ళేసరికి అధ్యక్షుడు దిగులుగా మాట్లాడుతున్నాడు. పోటీకి వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళని కూడా రానిద్దామా అని అడుగుతున్నాడు.

మరిది లేచాడు. "తలుపులు బార్లా తీస్తే ప్రతివాళ్ళూ వస్తారండీ."

"రానీ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయిగా" అని వెనక నుంచి వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. "మా వదిన" అన్నాడు మరిది, తల దించుకుని.

అధ్యక్షుడు మర్యాదస్తుడు. పెన్‌డ్రైవ్ తీసుకుని గోడ మీద తెరిచాడు. కోడ్ కోసం అటూ ఇటూ వెతికి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఇందులో చదవడానికేం లేదు కదమ్మా."

"చదవడానికి కాదు అన్నయ్యగారూ, ఆడటానికి చేశాను."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. మరిదికి పౌరుషం వచ్చింది. "సరే, పక్కపక్కన పెట్టి రెండూ ఆడదాం. నా బురుజూ, వదిన దారమూ. చేత్తో రాసినదానికీ అతికించినదానికీ తేడా ఏంటో ఇప్పుడే తేలిపోతుంది."

మిషనక్కకి నాలుగో అంతస్తు తలుపు గుర్తొచ్చింది. తన ఆట గడప దాటాలంటే ఇంతకు మించిన దారి లేదు. కానీ ఆ దారి మరిది పరువు మీదుగా పోతుంది. "నీది వద్దులే అబ్బాయ్. ఇంకెవరిదైనా పెట్టు."

"భయమేస్తోందా వదినా?"

"అవును, భయమే" అంది. ఆవిడ నోట ఆ మాట అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గెలిచాననుకున్నాడు.

అధ్యక్షుడే కూర్చుని బురుజు ఎక్కాడు. నాలుగో అంతస్తు తలుపు దగ్గర ఆగిపోయాడు. పక్కనున్నాయన ప్రయత్నించాడు, ఆయనా ఆగిపోయాడు. "అలా కాదండీ, ఇటివ్వండి" అని మరిది తీసుకున్నాడు. తన బురుజు తలుపుని తనే కొట్టాడు, తనే తోశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కోడ్ తెరిచి, ఏం మర్చిపోయాడో కనిపెట్టాడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగాడు.

"నీకు తెలుసా వదినా?"

ఆవిడ ఫ్యాను వైపు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"కప్పు తెచ్చిన వారం నుంచి."

"ఏడాదిగా ఒక్క మాట చెప్పలేదే."

"వచ్చినవాళ్ళందరికీ మా మరిది గెలిచాడని చెప్పుకోవడంతోనే సరిపోయింది. తీరికేదీ."

మరిది కోడ్ మూసేశాడు. అధ్యక్షుడి వైపు తిరిగి లేచాడు. "నియమం మార్చాలని నేనే ప్రతిపాదిస్తున్నానండీ. దేంతో చేసినా రానిద్దాం. కోడ్ చదవొద్దు, ఆటని మొదట్నుంచి చివరిదాకా ఆడదాం. ఎవరైనా ఆడుతుంటే, చేసినవాళ్ళు వెనక నిలబడాలి. నోరెత్తకూడదు."

ఆ ఆఖరి ముక్క ఎవరి కోసం చేర్చాడో గదిలో అందరికీ తెలుసు. చేతులు లేచాయి, మొదటి చెయ్యి అధ్యక్షుడిదే.

పోటీ రోజున పైగది చాలలేదు. మెట్ల మీద కూడా జనం నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది ఇన్నేళ్ళూ అదే ఊళ్ళో ఉండి, తమకి చోటు లేదని రానివాళ్ళు. 'దారం' ముందు ఓ పెద్దమనిషి కూర్చున్నాడు. ముక్కూ మొహమూ ఎవరికీ తెలియదు. లాగాడు, తెగింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ తెగింది. ఆయన వెనక మిషనక్క చేతులు కట్టుకుని నిలబడింది. 'మెల్లగా లాగండి' అన్న మాట పెదాల దాకా వచ్చింది, మింగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగింది. జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. పక్కన మరిది ఆ అవస్థ చూసి ఆనందిస్తున్నాడు.

ఆ పెద్దమనిషి చెయ్యి కాస్త వదులు చేశాడు. దారం కొక్కేలన్నీ దాటి సూది బెజ్జంలోంచి దూరింది. గుడ్డ మీద కుట్టు సరసరా ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఎవరండీ ఇది చేసింది? కోడ్ మీరే రాశారా?"

మిషనక్క నోరు తెరిచేలోగా మరిది అందుకున్నాడు. "చివరిదాకా ఆడారు కదండీ, ఇంకేం కావాలి? మా వదిన చేసిన ఆట ఇది." పైగది మొత్తానికీ వినపడేలా అన్నాడు. అంతకుముందు అదే గదిలో తల దించుకుని అన్న మాటే. ఆవిడకి కళ్ళు చెమర్చాయి, ఎవరూ చూడకుండా తుడుచుకుంది.

'దారా'నికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఓ నర్సుకి వెళ్ళింది, ఆవిడ ఆట నిజంగానే ఇంకా బాగుందని మిషనక్కే ఇంటికొచ్చాక ఒప్పుకుంది. మరిది తన బురుజు తలుపు బాగుచేసి, కింద నుంచి ఎక్కి చూసి, వదినతో కూడా ఎక్కించాడు. తన కప్పు బీరువాలోంచి తీసేస్తానంటే ఆవిడ చెయ్యి మీద ఒకటి వేసింది.

మర్నాడు షాపులోకి ఒకావిడ మిషన్ మోయించుకొచ్చింది. "దెబ్బ వేశారా దీన్ని?" అని అడిగింది మిషనక్క. వచ్చినావిడ బీరువా వైపు చూసింది. "రెండో కప్పు వచ్చిందే. మీ మరిది మళ్ళీ గెలిచాడా?"

"కాదు, అది నాది" అంది మిషనక్క. ఆ మాట ఎలా ఉందో ఇంకోసారి వినాలనిపించింది కాబోలు, మూత విప్పుతూ మళ్ళీ అంది.

"నాది."